గురువారం కేకు

గల్ఫ్‌కు వచ్చాక కరామాలో మేం అద్దెకున్న ఫ్లాటులో గ్యాసు పొయ్యి కింద ఒక ఓవెన్ ఉండేది. మొదటి ఏడాదంతా అందులో మూకుళ్లు, అట్లపెనం పెట్టుకున్నాం. డెబ్బైల చివర, వేసవి ముందు, ఏడో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి కాగితం మీద నేను సంతకం పెట్టాను. నా భార్య బిడ్డను చూడలేదు. ఇంటికొచ్చిన కొన్ని వారాలకు ఒక బుధవారం సాయంత్రం ఆమె ఆ మూకుళ్లన్నీ తీసి గట్టు మీద పెట్టి, మైదా సంచీ మీద అచ్చువేసిన కొలతలు చూస్తూ కేకు చేసింది. అంతకుముందు ఆమె కేకు చేయగా నేను చూడలేదు. ఎందుకు చేస్తున్నావని అడగలేదు. ఆ రోజుల్లో మేం ఒకరినొకరం ఏమీ అడిగేవాళ్లం కాదు.

"ఆఫీసుకు పట్టుకెళ్లండి," అంది. "ఇంట్లో ఎవరు తింటారు?"

ఆఫీసు అల్ ఖూజ్‌లో. బిల్డింగులు కట్టే కంపెనీ. ఊళ్లో ఒక దినపత్రికలో చాలా ఏళ్లు వార్తలు దిద్దిన నేను అక్కడ ఉత్తరాలు రాసేవాణ్ణి. మా బిడ్డ సంగతి తెలిసినప్పటి నుంచి నేను గదిలోకి వస్తే అందరూ మాటలు ఆపి కాగితాలు తిరగేసేవారు. ఆ గురువారం రేకు డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. అడుగు మాడింది. కార్మికుల హాజరు చూసే కడప భాయి స్టీలు స్కేలుతో ఆ మాడు గీకి, ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"సార్, ఇది మా ఊరి బండ. పరిస్తే మూడు తరాలు నిలుస్తాది."

చాయ్ పెట్టే కరీంనగర్ పెద్దాయన అందుకున్నాడు. "నీకేం ఎరుక భాయ్, చాయ్ల ముంచుకొని తినాలె దాన్ని." వారాల తర్వాత ఆ గదిలో మొదటిసారి నవ్వు వినబడింది. డబ్బా ఖాళీ అయింది.

శుక్రవారం సెలవు, గురువారం ఒంటిపూట. మధ్యాహ్నం ఇంటికెళ్లగానే నా భార్య అడిగింది. "ఏమన్నారు?"

ఎవరి మాట వాళ్లది, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు. మరుసటి వారం మాత్రం మంట తగ్గించింది. ఆ తర్వాత ప్రతి గురువారం కేకు ఆఫీసుకు వెళ్లేది, ప్రతి గురువారం "ఏమన్నారు?" అనేది. వారం మొత్తం మీద ఆమె నన్నడిగే ప్రశ్న అదొక్కటే. నేను కూడా ఎవరేమంటారా అని చెవి అటే పెట్టుకుని ఉండేవాణ్ణి.

రంజాన్ వస్తోందని తెలుసు. శుక్రవారం నుంచి అనుకున్నాను. ఇంట్లో రేడియో పెట్టడం మానేశాం కాబట్టి బుధవారం రాత్రే నెలవంక కనబడిన సంగతి మాకు తెలియలేదు. పొద్దున డబ్బా పట్టుకుని వెళ్తే చాయ్ గదిలో పొయ్యి వెలిగించి లేదు.

"ఇయ్యాల్టి నుంచి ఒక్కపొద్దులు సార్," అన్నాడు పెద్దాయన. "చాయ్ ఖలాస్. నెల దాక నాకు పని లేదు."

నా చేతిలో డబ్బా చూశాడు. మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "తలుపేసి మనిద్దరం తిందమా? మనకేం ఒక్కపొద్దు లేదు. ముదీర్ చూస్తే గీ పొయ్యి మీద నన్నే మరగవెడ్తడు గని."

వద్దన్నాను. డబ్బా తీసుకెళ్లి బల్ల సొరుగులో పెట్టాను. దాన్ని నిండుగా ఇంటికి తీసుకెళ్లకూడదు. ఎవరో మెచ్చుకున్నారని ఒక మాట కల్పించి చెప్పొచ్చు. పత్రికలో అన్నేళ్లలో ఎవరూ అనని మాట ఎవరి నోటా పెట్టలేదు. అయినా ఆ పొద్దున రెండు మూడు వాక్యాలు అల్లి చూసుకున్నాను.

పని ముగిసే వేళ భాయి వచ్చి సొరుగు వైపు చూశాడు. "వాసన బయటికొస్తాంది సార్. ఉపవాసమోళ్లను ఇట్ల చంపొచ్చునా?" అని, చెయ్యి చాచాడు. "ఇట్లియ్యండి. సాయంత్రం మా లేబర్ క్యాంపులో ఒక్కపొద్దు ఇడిసేటప్పుడు తింటాం."

ఇంటికి ఒట్టి చేతులతో వెళ్లాను. జరిగింది చెప్పాను. "అయితే ఎవరూ ఏమీ అనలేదా?" అంది. లేదన్నాను. ఆమె వెళ్లి పడుకుంది. శుక్రవారమంతా మంచం దిగలేదు. అన్నం నేనే వండాను.

శనివారం భాయి డబ్బా కడిగి, నాలుగు ఖర్జూరాలు వేసి తెచ్చాడు. "ఉపవాసముండేటోళ్లు, లేనోళ్లు, మా గదిలో పదహారు మందిమి కలిసే తింటిమి సార్. ఎవరు చేసిందని అడిగిరి. సార్ ఇంట్లో అమ్మ అని చెప్తి." డబ్బా నా బల్ల మీద పెట్టాడు. "ఆ యమ్మ బిడ్డలు సల్లగుండాల అని దువా చేసినారు. వాళ్లకు తెల్దు సార్. నేను చెప్పలా."

సాయంత్రం డబ్బా ఆమె చేతికిచ్చాను. ఖర్జూరాలు చూపించాను. అందరూ కలిసి తిన్నారని, ఎవరు చేశారని అడిగారని చెప్పాను. బిడ్డల కోసం చేసిన ప్రార్థన, ఆ దువా సంగతి, వదిలేశాను.

ఆమె డబ్బా మూత పెట్టలేదు. "అంతేనా?" అంది. "ఎవరు చేశారని అడిగినవాళ్లు తర్వాత ఏదో ఒకటి అంటారు కదా."

చెప్పాను. భాయి చెప్పినట్టే, అదే మాటల్లో.

ఆమె ముఖంలో నాకేమీ కనబడలేదు. ఒక ఖర్జూరం తీసి, గింజ తీసి, సగం నాకిచ్చింది.

"ఆ క్యాంపు గదిలో ఎంతమంది?"

"పదహారు."

"అయితే ఏం సరిపోయుంటుంది?"

ఆ బుధవారం రెండు కేకులు చేసింది. రంజాన్ నెలంతా డబ్బాలు రెండూ భాయితో నేరుగా క్యాంపుకు వెళ్లాయి. శనివారం అవి తిరిగొచ్చాక ఆమె అడిగేది, ఏమన్నారని. వాళ్లు ప్రతివారం బిడ్డల కోసం దువా చేస్తూనే ఉన్నారు. నేను ఆ మాట వదలకుండా చెబుతూనే ఉన్నాను. ఆమె డబ్బాలు తుడుస్తూ వినేది.