వేలెడంత చాకు, మా అత్త

మా అత్త పోయింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు మా వీధి మొగదల బస్సు ఆపించి, మా గడప దాకా నడిచి వచ్చి కబురు చెప్పాడు. "అక్కా, మీ అత్త తెల్లారేలోపల పోయిందంట. మీ మరిది సెప్పి పంపినాడు. పొద్దు తిరిగేలోగా రమ్మన్నాడు."

అప్పుడు నేను ఎసరు పెట్టి బియ్యం కడుగుతున్నాను. అతను వెళ్లిపోయాక కూడా ఆ బియ్యాన్నే కడుగుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది నీరసం. పిల్లల్ని ఎవరింట్లో వదలాలి, జిన్నింగు మిల్లులో ఉన్న మా ఆయనకు ఎవరి చేత కబురు పంపాలి, కుట్టి ఇస్తానన్న గోనెసంచుల సంగతి ఏం చెప్పాలి, అవే తలలో తిరిగాయి. ఆ పనులన్నీ అయ్యి, ఆదోని బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అప్పుడు వచ్చింది ఏడుపు. పక్కన కూర్చున్నామె తన మూట ఒళ్లోకి తీసుకుని నాకు కాస్త చోటిచ్చింది.

ఆమె గురించి రాయాలనుకుంటే దేవతలాంటి మనిషి అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. మా అత్త దేవత కాదు. నోరు పెద్దది. కోపం వస్తే రోజుల తరబడి మాట్లాడదు. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం ముందు పెట్టుకుని, తినకుండా, లేవకుండా కూర్చుంటుంది. ఆ కూర్చోవడం కంటే తిట్టినా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. అయినా ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంది. ఆమె ఉన్నది ఎమ్మిగనూరులో, నేనుండేది ఆదోనిలో, మరి నా ఇల్లెందుకు ఖాళీగా ఉందో నాకే తెలియదు.

ఆమెను తలుచుకుంటే మొదట కళ్ల ముందుకు వచ్చేది చాకు. డెబ్బైల్లో పెళ్లై ఎమ్మిగనూరు పోయిన కొత్తలో చూశాను దాన్ని. చిటికెనవేలంత కొయ్యపిడి, అందులోకి మడిచిపెట్టుకునే అలుగు. ఆ అలుగు చిలకముక్కులా లోపలికి వంగి ఉండేది. ఆదోని పత్తి మార్కెట్లో హమాలీలు గోనెసంచుల కుట్లు తెంపడానికి అలాంటివి వాడతారు. మా మామ బతికుండగా నూలు పని మీద ఆదోనికి పోయినప్పుడు ఆమెకు తెచ్చిచ్చాడట. దానికి ఒక నూలుతాడు కట్టి రొండిన దోపుకునేది. నిద్రలో కూడా తీసేది కాదు.

మాది నేతవాళ్ల ఇల్లే అయినా మా నాయన మగ్గం మానేసి ఆదోనిలో కొట్టు పనికి కుదిరినవాడు. అందుకని నాకు మగ్గం పని ఏమీ రాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక పోగు తెంపడం కూడా నాకు ఆమే నేర్పింది. కత్తెర పెడితే కత్తెర కొన కింది గుడ్డను పట్టుకుంటుంది. తిన్నని కత్తి గుచ్చుకుంటుంది. వంకర మొన అలా కాదు, పోగు కిందికి మెల్లగా దూరి, దాన్ని పైకెత్తి, మనవైపు లాగితే తెంపుతుంది. చీర మీద గీత పడదు. "తొందర పడొద్దు పాపా, ముందు కొస ఎతుకు. కోసేది మళ్లీ జూస్తాం" అనేది. గోనెసంచి కుట్టు విప్పేటప్పుడూ అదే మాట, లంగా బొందు ముడి పడిపోయినప్పుడూ అదే మాట. సరైన కొస దొరికితే సంచి నోరు ఒక్క లాగుడుకు సర్రున విడిపోతుంది. దొరక్కుండా కోస్తే మళ్లీ కుట్టుకోవడానికి దారం కూడా మిగలదు.

అల్లం చెక్కు తీయడానికి అదే చాకు. పిల్లల కాళ్లలో తుమ్మముల్లు విరిగితే దీపం మీద కాల్చి తీసేదీ అదే చాకు. మళ్లీ కడిగి, కొంగుతో తుడిచి, రొండిన పెట్టేసుకునేది. ఒక చాకుతో ఇన్ని పనులేంటని నేను మొదట్లో మొగం ముడిచేదాన్ని. తర్వాత నేనే "అత్తా, ఒకసారి చాకియ్యి" అని అడగడం అలవాటైంది.

ఒకసారి ఎదురింటి పిల్లవాడికి చేతి మీద తేలు కుట్టింది. మందు వేశారు, వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు. మధ్యాహ్నానికి చెయ్యి వాచి, మణికట్టున కట్టిన తాయెత్తు దారం కండలోకి కోసుకుపోయింది. వాళ్లమ్మ కత్తెర పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతోంది. మా అత్త పోయి, తన చూపుడువేలి గోరును ఆ దారం కిందికి దూర్చింది. గోరు మీదుగా చాకు మొన పోనిచ్చి బయటికి లాగింది. దారం తెగింది, ఆమె వేలు కూడా కొంచెం తెగింది. ముందుగా తన వేలు ఎందుకు పెట్టావని అడిగాను. "నా ఏలు తెగితే నాకు తెలుస్తాది. పిల్లోని సెయ్యి తెగితే నాకెట్ల తెలుస్తాది?" అంది. ఆ నెత్తురు నోట్లో పెట్టుకుని చీకుతూ ఇంటికి వచ్చేసింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె పెట్టిన బాధలు సగం మరిచిపోతాను.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నేసేది కొడుకు, చీర కోసేది తల్లి. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు ఆఖరి చీరను మగ్గం మీద నుంచి కోయాలి. మగ్గం మీద పన్నె అని ఉంటుంది, పోగులన్నీ దూరి వచ్చే దువ్వెన లాంటిది. చీర అయిపోయిన చోటికీ పన్నెకూ మధ్య జానెడు పోగులు వదిలి, చీర వైపు కోయాలి. కొత్త పడుగు పోగుల్ని ఆ వదిలిన కొసలకే ఒక్కొక్కటిగా అతుకుతారు. పొరపాటున పన్నె అవతల కోశారో, పోగులన్నీ జారి కింద పడతాయి. మళ్లీ మొదటి నుంచి ప్రతి పోగునూ గుచ్చుకుంటూ రావాలి. మగ్గం అన్నాళ్లూ పడుకున్నట్టే. అందుకే ఆ కోత అందరి చేతికీ ఇవ్వరు. మా మరిది మగ్గం గుంతలో నుంచి లేచి పక్కకు జరిగితే, ఆమె వాడి చోట కూర్చుని, చాకు తెరిచి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఊపిరిలో లాగేసేది. అప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మేమూ మాట్లాడం.

ఎనభైలు వచ్చేసరికి ఒక మగ్గం మీద రెండు కాపురాలు నిలవలేదు. మా ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లుకు కుదిరాడు, మేం ఇటు వచ్చేశాం. ఇంటి దగ్గర నేను చిరిగిన గోనెసంచులు కుట్టడం మొదలుపెట్టాను. దబ్బనం, పురికొస, గోనె దుమ్ము, దగ్గు. పిల్లలు, నీళ్లు, వంట, మళ్లీ సంచులు. పొద్దున లేచేటప్పటికే ఒళ్లు బరువుగా ఉండేది. దాన్ని ఒక జబ్బు అనుకోలేదు, బతుకంటే ఇంతే అనుకున్నాను.

ఒక ఏడు జాతర ముందు ఎమ్మిగనూరు పోయాను. ఆ రోజు చీర కోత. మా మరిదికి మోకాలు వాచి ఉంది. గుంతలో నుంచి లేవలేక, "ఈ పక్క నుంచే కోసెయ్‌మ్మా" అన్నాడు. ఆమె మగ్గం పక్కన నిలబడి, వంగి, చేత్తో తడుముకుంటూ చాకు పెట్టి లాగింది. పోగులు సర్రుమని జారాయి. పడుగు వదులై కింద పడింది.

"అమ్మా! ఏం జేసినావ్‌మ్మా!" అని అరిచాడు వాడు.

ఆమె వంగి, కింద పడిన పోగుల్ని వేళ్లతో తడిమింది. పన్నెను తడిమింది. "యా పక్క కోసినా నేను?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది మాకు, ఆమెకు కళ్లు కనపడటం లేదని. ఎన్నాళ్ల నుంచి కనపడటం లేదో ఎవరికీ తెలియదు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని "ఇదేం రంగు సెప్పు, ఇదేం రంగు?" అని నూలు చూపించి అడుగుతుంటే, చదువు చెబుతోందని మురిసిపోయాం. వంకర మొన పోగును దానంతట అది పట్టుకుంటుంది, ఆమె వేళ్లకు అలవాటు ఉంది. తన చోట తాను కూర్చున్నంత కాలం ఆ చాకు ఆమె గుట్టు కాపాడింది.

మా మరిది చెడ్డవాడు కాదు. కానీ జాతరకు ఇస్తానన్న చీరలు ఆగిపోయాయి, మోకాలు వాచి ఉంది, మొత్తం పడుగు మళ్లీ గుచ్చుకోవాలి. ఆమె చేతిలో నుంచి చాకు తీసుకుని అటక మీద పెట్టేశాడు. "ఇంగ నీకిది వద్దమ్మా. ఏలు తెంపుకుంటావు."

"నా ఏలు నా ఇష్టం. ఇటియ్యి."

వాడు ఇవ్వలేదు. ఆమె అరుగు మీద కూర్చుంది. అన్నం పెడితే తింది, పిలిస్తే పలికింది. ఉప్పు ఎక్కువైనా కంచం ఖాళీ చేసి లేచింది. మాటిమాటికీ చెయ్యి రొండి దగ్గరకు పోయి ఊరికే వచ్చేది. అది చూడలేకపోయాను నేను. ఇంట్లో ఆమె ఏ పనికీ పిలవని మనిషి అయిపోయింది, ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఆదోనిలో కండ్ల డాక్టరు దగ్గర పొర తీపిద్దాం, రా అత్తా" అన్నాను.

"కన్ను కోస్తారంట గదే."

"ఊరందరికీ కోసి పెట్టినావు, నిన్ను కోస్తామంటే భయమా?"

"నేను కోసేది నా సేతికి తెలుస్తాది. ఆయప్ప కోసేది నాకెట్ల తెలుస్తాది?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత ఆమే అంది, "నా చాకు నాకిప్పిస్తే వస్తా." మా మరిది అటక మీద నుంచి తీసి తల్లి చేతిలో పెట్టాడు. తలకాయ దించుకుని మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు.

పొర తీసిన తర్వాత మా ఇంట్లోనే ఉంది. కంటికి కట్టు, కదలకుండా పడుకోవాలి. ఆమెకు అన్నం కలిపి నోట్లో పెట్టేదాన్ని, మిగతా వేళల్లో పక్కనే కూర్చుని సంచులు కుట్టేదాన్ని. పడుకున్నచోటి నుంచే నా మీద అధికారం చేసేది. "దారం బిగ్గా లాగుతాండావు, సప్పుడు యినపడ్తాంది" అనేది. విసుక్కునేదాన్ని. కట్టు విప్పి, కొన్నాళ్లు పోయాక, సోడాబుడ్డి అద్దాలిచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం అద్దాలు పెట్టుకుని గోడ చూసింది. తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఇక దారం తెమ్మంటుంది, చాకు పదును చూస్తుంది అనుకున్నాను. ఆమె నావైపు తిరిగింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏమే... నీకేమైందే?"

"నాకేమైంది అత్తా? ఏం కాలేదు."

"మొగమంతా పీక్కపోయినాది. కండ్ల కింద ఆ నలుపేందే? ఎన్నాళ్ల నుంచి ఇట్లుండావు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు కనపడ్లేదే పాపా" అంది.

మా అమ్మ పోయాక నా మొగం అంతసేపు చూసిన మనిషి లేదు. ఆమె నా చేతిలో దబ్బనం తీసేసుకుంది.

"పండుకో."

"సంచులుండాయి అత్తా."

"ఉండనీ. యాడికి పోతాయి? నువ్వు పండుకో."

చాప తనే పరిచింది. విప్పాల్సిన సంచులు ముందేసుకుని, నావైపు వీపు పెట్టి గడప మీద కూర్చుంది. కుట్లు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు వినపడుతోంది. పక్కింటామె ఎందుకో వచ్చి నా పేరు పెట్టి పిలిచింది. "పండుకోనుంది. పొద్దుగూకినాక రాపో" అంది మా అత్త, లేవకుండానే. ఆ తర్వాత ఎవరొచ్చారో నాకు తెలియదు. దీపాలు పెట్టేవేళ దాకా నిద్రపోయాను.

తర్వాత ఎమ్మిగనూరు వెళ్లిపోయింది. చనిపోయేదాకా ఆ ఇంట్లో చీరలు ఆమే కోసింది. ఒక్కటీ తప్పు పోలేదని మా మరిది చావింట్లో అందరికీ చెప్పుకుని ఏడ్చాడు.

నేను ఆదోని తిరిగి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఒళ్లు తూలుతుంటే చాప పరుచుకుని పడుకున్నాను. కళ్లు మూతపడుతుండగా బయట ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. ఒక్క క్షణం అలాగే ఆగి విన్నాను. గడప దగ్గర నుంచి జవాబు రాలేదు. మళ్లీ పిలిచారు. లేచి పోయాను.