వార్తలో లేని పేరు

ఈ రోజు హుకుంపేట సంతలో ఒకావిడ కనిపించింది. ఆమె భర్త చెయ్యి రాళ్ల క్రషర్ బెల్టులో పడి నలిగిపోయింది. అతను మా కూలీయే కాదని యజమాని చేతులు దులుపుకున్నాడు. పెద్ద పేపర్లు పట్టించుకోని ఆ వార్తను మా చిన్న వెబ్ పత్రికలో నేనే రాశాను. ఆమెకు చదువు రాదు. ఆమె అమ్ముతున్న అల్లం బుట్ట పక్కన కూర్చుని, కాస్త గర్వంగానే, ఫోన్‌లో చదివి వినిపించాను.

అంతా విని అడిగింది. "నా పేరేసినావు, మా ఊరేసినావు, మాయన మొండిసెయ్యి ఫొటో ఏసినావు. ఆ క్రషరోడి పేరేది బాబూ?"

"రాస్తే కేసు వేస్తాడమ్మా. లాయరు వద్దన్నాడు."

"మా పేర్లు సూసి నిన్న ఆడి మనుసులు ఇంటికొచ్చి బెదిరించినారు. నీ దగ్గరికొచ్చినారేటి?"

రాలేదు.

ఇంటికి రాగానే వార్తలోంచి ఆమె పేరు, ఊరు, ఆ ఫొటో తీసేశాను. ఈ పోస్టులోనూ ఆమె పేరు రాయలేదు. యజమాని పేరు ఇక్కడా లేదని మీరు గమనించే ఉంటారు.

మా పత్రిక పేరు కింద 'నిర్భయంగా' అని ఉంటుంది. ఆ మాట ఉంచమంటారా, తీసేయమంటారా?