లచ్చన్న పేర్చిన నల్లరాళ్ళు

బహ్రెయిన్‌లో ఆగస్టు నెల. కుళాయి నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అలాంటి రోజుల్లో మా కంపెనీ ఇంజనీరు తౌనో, మహూజ్‌లో తానుండే విల్లా వెనక ఒక చెక్కగది కట్టమన్నాడు. దేనికయ్యా అంటే, లోపల రాళ్ళు కాల్చి, వాటి మీద నీళ్ళు పోసి, ఆ ఆవిరిలో కూర్చుని చెమటలు కక్కడానికట! నేను వడ్రంగిని. నవ్వాపుకోలేక మేకు మీద పడాల్సిన దెబ్బ వేలి మీద వేసుకున్నాను.

"చెమట కోసం గదెందుకు గంగాప్రసాదూ? మామీర్ క్యాంపుల మన రూముకు రమ్మనరాదు," అన్నాడు లచ్చన్న.

లచ్చన్న ఈ పనికి నా చేతికింద మనిషి. జగిత్యాల వైపు వాడు, యాభై దగ్గర పడ్డాడు. తాతల నాటి నుంచి రాయి కొట్టి బతికిన ఇల్లు. ఇక్కడ మాత్రం కంపెనీ కార్డు మీద 'లేబర్' అని ఉంది కాబట్టి ఆరేళ్ళుగా సిమెంటు మూటలు మోయించారే తప్ప, ఎవరూ సుత్తి చేతికివ్వలేదు. ఊళ్ళో ఉన్న భార్య ముత్తవ్వకు మాత్రం తాను రాతి మేస్త్రినని ఉత్తరాలు రాయించేవాడు. ఆ అబద్ధాలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి కాబట్టి పాపంలో సగం నాది. ఇప్పుడు ఫోర్‌మన్ అమ్మిరాజు, వచ్చే నెల ఇంటికి పంపేవాళ్ళ లిస్టులో అతని పేరు రాశాడు. మూటలు మోయలేకపోతున్నాడట. మేస్త్రి అనిపించుకోకుండానే ముత్తవ్వ ముందు నిలబడాల్సి వస్తుందని లచ్చన్న కుమిలిపోతున్నాడు.

తౌనోది ఫిన్లాండ్. టీ వేళకు మా పక్కనే ఇసుకలో చతికిలబడి తన దేశం గురించి చెప్పేవాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో నేను లచ్చన్నకు చెప్పేవాణ్ణి. ఉత్తరాన కొసకు ఉంటుందట. ఎటు చూసినా అడవి, లక్షకు పైగా సరస్సులు. ఆరువందల ఏళ్ళు స్వీడన్ కింద, నూరేళ్ళు రష్యా చక్రవర్తుల కింద బతికి, 1917లో సొంత దేశమైంది. కలప, కాగితం, ఓడలు అమ్ముకుని బాగుపడ్డారు. మొన్న సోవియట్ కూలేసరికి కొనేవాడు లేక ఫ్యాక్టరీలు మూతపడి, ఇంజనీర్లు కూడా రోడ్డున పడ్డారు.

"అంటే ఈయన గూడ మన లెక్కనే పని లేక దుబాయి వచ్చిండన్నట్టు," అని జాలిపడ్డాడు లచ్చన్న. గల్ఫులో ఏ దేశమైనా అతనికి దుబాయే.

వేసవిలో అక్కడ ఉత్తరాన పొద్దు గూకదని చెప్పినప్పుడు మాత్రం కంగారుపడ్డాడు. "పొద్దు గూకకుంటె కూలోడు ఇంటికెప్పుడు పోతడు? జెర అడుగు."

అడిగాను. తౌనో టీ ఒలకబోసుకునేంతగా నవ్వాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ చలిలో ఈ వేడిగదే వాళ్ళ ప్రాణం. వాళ్ళమ్మ అతన్ని అందులోనే కన్నది. తాత పోతే అందులోనే స్నానం చేయించారు. లోపల కూర్చున్నాక దొర, కూలీ అన్న తేడా ఉండదు. ఇక వాళ్ళింటి పద్ధతి ఒకటుంది. రాళ్ళు పేర్చినవాడే మొదటి చెంబు నీళ్ళు పోయాలి.

ఆ రాళ్ళ దగ్గరే వచ్చింది తకరారు. అమ్మిరాజు ఎక్కడో పునాది తవ్వకంలో ఏరిన తెల్లరాళ్ళు తెచ్చి, "సూడండయ్యా, ముత్యాల్లా ఉన్నాయి!" అని మురిసిపోయాడు.

లచ్చన్న ఒకటి తీసి గోటితో గీకాడు. "ఇది సున్నపురాయి సారూ. కాలితె పగులుతది. నీళ్ళు పోస్తె మొఖం మీదికొస్తది."

"మూటలు మోసేవోడికి రాళ్ళ సంగతెందుకయ్యా? లిస్టులో నీ పేరుంది, మర్చిపోయావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. లచ్చన్న మాత్రం ఒక తెల్లరాయిని కొత్త ఇనప పొయ్యిలో వేసి, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మంట తగ్గకుండా కాల్చాడు. దాన్ని పటకారుతో వాకిట్లోకి తెచ్చి, తౌనోను పిలిచి, "దూరం జరుగుండ్రి," అని నీళ్ళు చల్లాడు. ఢామ్మని పేలింది. ఒక ముక్క వెళ్ళి రేకు గోడకు తగిలింది. మిగతాది బుసబుసమంటూ పొడి సున్నమైంది. అమ్మిరాజు ఎక్కడున్నాడా అని చూస్తే నా వెనక నక్కి ఉన్నాడు.

తౌనో కింద కూర్చుని ఆ పొడిని పుల్లతో కదిపి చూశాడు. "నీకు ఏ రాళ్ళు కావాలో నువ్వే తెచ్చుకో," అన్నాడు లచ్చన్నతో.

మర్నాడు లారీలో సిత్ర సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. అలల్ని ఆపే కట్ట కోసం ఓడల మీద తెప్పించిన నల్లరాళ్ళు అక్కడ మిగిలిపోయి ఉన్నాయి. ఆరేళ్ళ తర్వాత లచ్చన్న సుత్తి పట్టాడు. ఒక్కో రాయినీ కొట్టి, చెవి పెట్టి విన్నాడు. గంటలా మోగింది లారీలోకి, మొద్దుగా పలికింది పక్కకు. సాయంత్రం వరకు తిండి ఊసే ఎత్తలేదు. తెచ్చిన రాళ్ళను పెద్దవి కిందికి, చిన్నవి పైకి, మధ్యలో మంటకు సందులు వదిలి పేర్చాడు.

శుక్రవారం నాడు గది వేడెక్కింది. తౌనో, అతని దేశం వాళ్ళు ఇద్దరు, గొప్పకు పోయి అమ్మిరాజు, తువ్వాలు చుట్టుకుని లచ్చన్న లోపల కూర్చున్నారు. నేను తలుపుకున్న అద్దంలోంచి చూస్తున్నాను. అందరికన్నా పై బల్ల లచ్చన్నది. మొదటి చెంబు అతనే పోశాడు. ఆవిరి లేచింది, ఒక్క రాయి చిట్లితే ఒట్టు! రెండో చెంబుకే అమ్మిరాజు "బాబోయ్" అంటూ బయటపడ్డాడు. మూడో చెంబుకు స్నేహితులిద్దరూ వచ్చేశారు. ఇంకో పది నిమిషాలకు తౌనో కూడా తూలుతూ, నవ్వుతూ వచ్చి బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి లచ్చన్న గొంతు వినిపించింది. "గంగాప్రసాదూ, తలుపు గట్టిగెయ్యి! గాలి సల్లగొస్తంది!"

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. వాకిలంతా ఘొల్లుమంది. ఆరేళ్ళు మండుటెండలో మూటలు మోసిన ఒళ్ళది, వాళ్ళకేం తెలుసు! నాకైతే ఆనందంతో కళ్ళు తడిశాయి.

స్నేహితులిద్దరూ తమకూ ఒక్కో గది కావాలన్నారు. తౌనో లిస్టు తెప్పించి లచ్చన్న పేరు కొట్టేసి, కార్డు మార్పించమన్నాడు. కొత్త కార్డు మీద 'రాతి మేస్త్రి' అని ఉంది. ఆ వారం ముత్తవ్వకు రాసిన ఉత్తరంలో కొత్త సంగతేమీ లేదు. పాతవే మళ్ళీ రాశాను, ఈసారి అన్నీ నిజాలే.

రెండో గదికి రాళ్ళు ఏరడానికి మళ్ళీ సిత్ర వెళ్ళినప్పుడు, అమ్మిరాజు ఒక నల్లరాయిని రెండు చేతులా మోసుకొచ్చి లచ్చన్న ముందు పెట్టాడు.

"మేస్త్రిగారూ, ఇది పనికొత్తాదేమో సూడండి."

లచ్చన్న సుత్తితో కొట్టి, చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపాడు.

"ఇది నడ్వది సారూ. ఇంకోటి తీస్కరాండ్రి."