మగ్గం గుంటలో కాలు

రాజోలి దవాఖానలో నర్సుగా చేరిన కొత్తలో, నేతపని చేసే ఒక పెద్దాయన కుడికాలికి నేనే కట్టు కట్టేదాన్ని. షుగర్ వల్ల పాదానికి స్పర్శ తగ్గింది. బొటనవేలి కింద పుండు పడినా నొప్పి తెలిసేది కాదు. రోజు విడిచి రోజు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా, "పెద్దయ్యా, ఈ కాలు మీద బరువు పెట్టొద్దు" అనేదాన్ని.

"యాడ పెడుతున్ననమ్మా? పొద్దందాక కూసునే ఉంట" అనేవాడు.

నెల గడిచినా పుండు మానలేదు. ఇంకో రెండు వారాలు చూద్దాం, తగ్గకపోతే గద్వాల పంపాలి, వేలు తీయాల్సి రావచ్చు అన్నారు డాక్టరమ్మ. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. డ్యూటీ కాగానే, గట్టిగా నాలుగు మాటలు అందామని ఇంటికే వెళ్ళాను.

ఆయన నిజంగానే కూర్చుని ఉన్నాడు. మగ్గం ముందు, కాళ్ళు గుంటలోకి దించి చీర నేస్తున్నాడు. కింద, కట్టు కట్టిన కాలు చెక్కను తొక్కుతోంది, లేస్తోంది, మళ్ళీ తొక్కుతోంది. నేను పొద్దున కట్టిన తెల్లగుడ్డ మీద ఎర్రటి మరక.

ఇన్నాళ్ళూ ఆ పుండును చూశాను గానీ, ఆ కాలు ఏం పని చేస్తుందో ఒక్కసారీ అడగలేదు.

గుంట పక్కన కూర్చుని, చెక్క తొక్కినా కాలు మీద బరువు పడుతుందని మెల్లగా చెప్పాను.

"గిది గూడ నడిచినట్టేనా సిస్టరమ్మా? నాకు తెల్వదు" అన్నాడు బెదురుగా. "మరి మగ్గం ఆపితె ఎట్ల?"

రాట్నం మీద కండెలకు దారం చుడుతున్న ఆయన భార్య లేచి వచ్చింది. "జర లెవ్వు. తల్లిగారింట్ల నేసినదాన్నే గద, నేను నేస్త. నువ్వు కండెలు చుట్టు."

"నీ నడుము నొయ్యదా?"

"నొస్తె చెప్త తియ్యి. నీ కాలు లెక్క గాదు, నా నడుముకు నొప్పి తెలుస్తది."

రెండు వారాలకు పుండు అంచులు దగ్గరపడ్డాయి. ఇక గద్వాల అక్కర్లేదన్నారు డాక్టరమ్మ. పూర్తిగా మానడానికి మరో నెల పైనే పట్టింది. ఆలోపు మెత్తటి చెప్పులు తెప్పించి, ఆయన మళ్ళీ నేసేనాటికని చెక్కకు పాత దుప్పటి మందంగా చుట్టించాను. కాలి పుండుతో ఎవరొచ్చినా ముందు వాళ్ళ పని గురించి అడగడం అప్పుడే అలవాటైంది.

చివరి కట్టు విప్పిన రోజు ఆయన తన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మూడు చీరలు ఆమెనే నేసింది. అంచు నాకంటె సక్కగొచ్చింది" అన్నాడు.

"ఆ మాట పెద్దమ్మకు చెప్పినవా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "ఇంటికి పోయి చెప్త."