నొక్కనివాళ్ళ దారి

మా ఎదురింటి అమ్మాయిని వీధిలో అందరూ హలోమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రిలో ఫోన్ల బల్ల దగ్గర కూర్చుని రోజుకు రెండు మూడు వందలసార్లు హలో అనే మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? కూరగాయల బండివాడితో బేరం కూడా హలో అనే మొదలుపెడుతుంది. ఆమెకో నియమం ఉంది. తనంతట తాను ఎప్పుడూ ఫోను ముందు పెట్టదు. కొత్తలో పని నేర్పిన పెద్దావిడ, "ఆసుపత్రికి ఊరికే ఎవరూ చెయ్యరు, అవతలివాళ్ళు పెట్టాకే నువ్వు పెట్టు" అందట. అది ఈమెకు శిలాక్షరం.

పోయిన నెలలో ఒక సాయంత్రం ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. ఎవరింట్లో ఏం జరిగిందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. గేటు దగ్గరే పట్టుకున్నాను.

"ఏమ్మా, ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు పిన్నీ. మిషను వస్తోంది. ఇక ఫోన్లు అదే ఎత్తుతుందట. ఒకటి నొక్కితే డాక్టరుగారి టైము, రెండు నొక్కితే రిపోర్టులు, మూడు నొక్కితే వార్డు."

"మరి నువ్వు?"

"కింద పాత ఫైళ్ళ గదిలోకి. దానికి కిటికీ కూడా లేదు."

అయితే ఒక చిన్న సందు మిగిలింది. మిషను ఎప్పుడేం చెయ్యాలో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. దాన్నే ప్రోగ్రాం అంటారు. కంపెనీవాళ్ళు రెండు రోజులు నేర్పుతారు, ఎవరు రాస్తారని సూపరింటెండెంటుగారు అడిగితే, అందరూ నేలచూపులు చూస్తుంటే ఈమె చెయ్యెత్తిందట. "శనివారానికి నడిపించి చూపిస్తే నీ బల్ల నీదే, మిషను చూసుకుంటూ ఉండు. లేకపోతే సోమవారం నుంచి ఫైళ్ళు. ఇంకో మాట, మనిషి ఫోను ఎత్తే పని ఉండకూడదు" అన్నాడాయన.

ఆమె మొగుడు బస్సు డ్రైవరు. ఈ కబురు విని, "ఇంట్లో రిమోటు ఎటు పట్టుకోవాలో తెలియదు, ప్రోగ్రాం రాస్తుందట!" అని నవ్వాడు. నవ్వుతూనే ఆ వారమంతా వంట తనే చేశాడు లెండి.

ఆ రెండు రోజులూ పగలు ఆమె అక్కడ నేర్చుకున్నది సాయంత్రం మా వరండాలో నాకు అప్పజెప్పేది. నాది అయిదో తరగతి చదువు. అడగడానికి చదువెందుకు? బుధవారానికి కాగితం మీద ఇలా రాసుకొచ్చింది:

నమస్కారం చెప్పు. అంకెల జాబితా చదువు. ఒకటి వస్తే డాక్టరుగారి గదికి పంపు. రెండు వస్తే రిపోర్టులకు పంపు. మూడు వస్తే వార్డుకు పంపు. ఇవేవీ కాకపోతే మళ్ళీ మొదటికి రా. లైను తెగేదాకా ఇలాగే చెయ్యి.

"దానికి సొంత బుర్ర లేదు పిన్నీ. పైనుంచి కిందికి వరసగా చేసుకుపోతుంది. 'వస్తే' అని ఉన్నచోట ఆగి చూస్తుంది. వచ్చిందా, అటు. రాలేదా, కింది వాక్యానికి. 'దాకా' అని ఉంటే వెనక్కి తిరుగుతుంది."

"తొమ్మిది నొక్కితే?"

"మళ్ళీ మొదటికొస్తుంది."

"అసలేమీ నొక్కకపోతే?"

"అప్పుడూ అంతే."

"ఎంత ఓపిక! ఆ ఓపికలో సగం మా కోడలికుంటే నా బతుకు వేరుగా ఉండేది."

తప్పులు పట్టడంలో నా తర్వాతే ఎవరైనా అని, గురువారం పదింటికి పరీక్ష నంబరుకు నన్నే చెయ్యమంది. చేశాను. మిషనులో పట్టించిన హలోమ్మ గొంతే పలికింది. నమస్కారం అంటే నేనూ నమస్కారమమ్మా అన్నాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. ఫోను కిటికీలో పెట్టి పరిగెత్తాను. పాలయ్యాక గట్టు తుడవడం, గట్టయ్యాక బట్టలారెయ్యడం, అక్కడ మేడమీదావిడ కనిపించడం... పనులకు అంతూ పొంతూ ఉందా!

ఒంటిగంటకు హలోమ్మ రొప్పుతూ వచ్చింది. "పిన్నీ! ఫోను పెట్టలేదా? పరీక్షకు ఉన్నది ఒక్క లైను. మూడు గంటలుగా ఎవరు చేసినా ఎంగేజే!"

చూద్దునుగదా, నా కిటికీలో ఇంకా నమస్కారాలు వినిపిస్తున్నాయి. నిమిషానికొకటి చొప్పున నూట ఎనభై నమస్కారాలు, కొళాయికీ గోడకీ.

"నేను పెట్టడం మర్చిపోయాను, సరే. అది పెట్టెయ్యొచ్చుగా?"

"ఎలా పెడుతుంది? లైను తెగేదాకా అని రాశాను" అంటూనే ఆమె నాలుక కరుచుకుంది. ఇరవై ఆరేళ్ళ తన నియమాన్ని తనకు తెలియకుండానే మిషనుకు నూరిపోసింది.

సాయంత్రం డ్రైవరు విని అన్నాడు: "ఆఖరి స్టాపు లేని బస్సు నడుపుతున్నావే. ప్రయాణికుడు దిగకపోతే జీవితాంతం తిప్పుతావా?"

"మధ్యలో తోసెయ్యమంటారా?"

"తోసెయ్యమన్నానా? మూడు చుట్లు చూసి డిపోకి తీసుకెళ్ళు. ఎక్కడికి పోవాలని అక్కడ అడుగుతారు."

 ఆమె పెన్సిలు తీసి, 'లైను తెగేదాకా' కొట్టేసి, 'లెక్క మూడయ్యేదాకా' అని రాసింది. లెక్క అంటే ఒక డబ్బా అట. అందులో మొదట సున్నా ఉంటుంది. సరైన అంకె రానప్పుడల్లా ఒకటి కలుస్తుంది. మూడైతే తిరగడం ఆపి కింది వాక్యానికి పోతుంది. ఆ కింది వాక్యం: నా బల్ల మీద గంట మోగించు.

"మనిషి ఎత్తకూడదన్నాడుగా ఆయన?" అన్నాను.

"అన్నారు. మరి నొక్కనివాళ్ళు ఎక్కడికి పోతారు పిన్నీ?"

తీరా శుక్రవారం చూస్తే మళ్ళీ అదే తిరుగుడు. గంట మోగదు, నమస్కారాలు ఆగవు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. కాగితం నా ముందు పెట్టించుకుని, వేలుతో ఒక్కో వాక్యం తడుముకుంటూ చదివాను.

"ఈ 'డబ్బాలో సున్నా పెట్టు' అన్నది తిరిగే వాక్యాల మధ్యలో ఎందుకుందే? చుట్టు చుట్టుకీ సున్నా పెడుతుంటే మూడెప్పుడవుతుంది? ప్రతి చెంబుకీ బిందె బోర్లించుకుంటే నిండుతుందా?"

ఆమె నా బుగ్గలు రెండూ పట్టుకుని లాగింది. ఆ వాక్యం తిరుగుడుకు పైన, నమస్కారానికి ముందు చేరింది. నాలుగింటికి గంట మోగింది.

శనివారం బీపీ చూపించుకునే వంకతో నేనూ వెళ్ళి ఆమె బల్ల పక్క బెంచీ మీద కూర్చున్నాను. పక్క గదిలో సూపరింటెండెంటుగారు తలుపు తెరిచిపెట్టుకునే ఫోను చేశాడు. రెండు నొక్కాడు, రిపోర్టులవాళ్ళు పలికారు. మళ్ళీ చేసి ఏడు నొక్కాడు, మొదటికొచ్చింది. ఇంకోసారి చేసి, ఏమీ నొక్కకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒకటి. రెండు. మూడు. బల్ల మీద గంట మోగింది. హలోమ్మ ఫోనెత్తింది.

"నమస్కారం, చెప్పండి."

అవతల చప్పుడు లేదు. అదే గొంతు కదా, ఇంకా మిషనే అనుకుంటున్నాడాయన. ఈమె ఫోను పెట్టదు, ఆయన పలకడు. 

"అయ్యా, ఇది మిషను కాదండీ. నేనే."

ఆయన ఉలిక్కిపడి గుమ్మంలోకొచ్చాడు. "మనిషి ఎత్తకూడదని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. నొక్కినవాళ్ళెవరికీ నేను అడ్డు రాను. నొక్కనివాళ్ళు మాత్రం ఊరికే తిరుగుతూ ఉండిపోతారు, లేదా లైను తెంపేయాలి. ఆసుపత్రి ఎవరికైనా లైను తెంపేస్తుందా అండీ?"

ఆయన నా వంక చూశాడు. నేను బీపీ పేషెంటులా మొహం పెట్టాను.

"నెల రోజులు చూద్దాం" అన్నాడు.

ఆ నెల నిన్నటితో అయింది. రోజుకు నలభై మంది దాకా ఆ దారినే వస్తున్నారట. ఒక పెద్దాయన, "అమ్మాయి అంత మర్యాదగా చదువుతుంటే మధ్యలో నొక్కడమేమిటని ఊరుకున్నా" అన్నాడట. సూపరింటెండెంటుగారు ఫైళ్ళ గదికి వేరే మనిషిని వెతుక్కున్నాడు.

ఈ పొద్దున బీపీ టైము కోసం నేనూ చేశాను. ఒకటి నొక్కాలని నాకు తెలియకా? మూడు నమస్కారాలూ తీరిగ్గా విని కూర్చున్నాను.

"పిన్నీ, మీరేనా? నొక్కితే ఏం పోయింది?"

"సరేలే, పనిలో ఉన్నావు. పెట్టెయ్."

"మీరు పెట్టండి ముందు" అంది హలోమ్మ.