రాణి కోట చూపిస్తానని

ఆరేళ్లుగా దుబాయ్ అవతలి రాస్ అల్ ఖైమాలో ఉంటూ ఊరి పక్కనున్న ఆ కొండ ఎక్కలేదంటే నవ్వుతారు. నర్సు ఉద్యోగంలో కొండలెక్కే తీరిక ఎవరికుంటుంది? డ్యూటీ, నిద్ర, మళ్లీ డ్యూటీ. ఆస్పత్రి బస్సు షిమాల్ వైపు వెళ్లినప్పుడు ఎత్తున కొండ అంచుకి ఏదో గోడలాంటిది కనిపించేది. ఎన్నో వందల ఏళ్ల నాటి కోటట, ఊళ్లోవాళ్లు ఒక రాణి పేరుతో పిలుస్తారట. అంతకుమించి నాకేమీ తెలీదు. తెలియకపోయినా మా పాపకి దాని గురించి గొప్పగా చెప్పేశాను. అక్కడొచ్చింది చిక్కంతా.

పాప భీమవరంలో మా అక్క దగ్గర పెరిగింది. 2020లో నన్ను కరోనా వార్డులో వేసేసరికి దానికి పదకొండు నెలలు. మా ఆయన దూరాన ముసఫ్ఫాలో, ఐకాడ్ పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తారు. వారానికోసారి వస్తారు. పిల్లని చూసే దిక్కు లేదు. ప్రత్యేక విమానాలు మొదలవగానే ఆయనే తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టొచ్చారు. మూడు నెలలే కదా అనుకున్నాం. తర్వాత విమానాలు ఆగాయి. ఆ తర్వాత అక్క "కాస్త మాటలు రానివ్వవే" అంది, ఇంకొన్నాళ్లకి "ఎల్‌కేజీ అవనీ" అంది. అక్కకి పిల్లల్లేరు.

తప్పంతా అక్క మీదికి తొయ్యడానికి నాకు నోరు రాదు. 2022లో సెలవు మీద వెళ్లినప్పుడు నాతో తెచ్చేసుకుని ఉండాల్సింది. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి పిల్లతో వేగలేనని, ఇంకో ఏడాది చూద్దామని నేనే అన్నాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోవచ్చనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చివరికి ఎలాగో అన్నీ కుదుర్చుకున్నాను. రాత్రి డ్యూటీలు లేని క్లినిక్‌కి మారాను. పాపకి వీసా వచ్చింది, ఏప్రిల్ నుంచి ఇక్కడి స్కూల్లో సీటు దొరికింది. పింక్ రంగు మంచం కూడా కొన్నాం. అప్పుడు పాప రానంది.

నన్ను "దుబాయ్ అమ్మ" అంటుంది. మేముండేది దుబాయ్ కాదని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్లందరికీ ఇదంతా దుబాయే. వట్టి "అమ్మ" అంటే అక్క.

"అక్కడేముంది?" అని అడిగింది ఒక ఆదివారం వీడియో కాల్లో.

సముద్రముందన్నాను. "మొన్నేగా పేరుపాలెం బీచికెళ్లాం" అంది. పార్కుందన్నాను. "ఇక్కడా ఉంది." కన్నబిడ్డని నా ఇంటికి రమ్మని బతిమాలడం ఏమిటని ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద చూపించను ఆ మంట? ఇంకేం తోచక "రాణి కోట ఉంది" అనేశాను.

దాని కళ్లు ఇంతయ్యాయి. "రాణి ఉంటుందా?"

"ఉంటుంది."

"కిరీటం పెట్టుకుంటుందా?"

"పెట్టుకుంటుంది." ఒక అబద్ధం నిలబడాలంటే దానికి తోడు వంద కావాలి కదా.

"అయితే చూపించు. చూస్తే వస్తాను" అంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మా ఆయన్ని లేపి బయల్దేరదీశాను. టాక్సీ నడిపే పెద్దాయన కొండ కింద దింపుతూ "ఊపర్ కుఛ్ నహీ హై సిస్టర్, ఖాలీ పత్థర్ హై" అన్నాడు. రాళ్లు తప్ప ఏమీ లేవట. నిన్నడిగానా అనుకున్నాను.

కొంతదూరం మెట్లున్నాయి, తర్వాత కాలు పెడితే జారే గులకరాళ్లు. దేవుడా, ఒక్క గోడనైనా సరిగ్గా నిలబెట్టి ఉంచు అని ప్రార్థన చేసుకుంటూ ఎక్కాను. వెనకాల మా ఆయన రొప్పుతూ "యల్లా యల్లా, పద పదమని లేపేశావు, కాఫీ అయినా తాగనిచ్చావు కాదు" అని సణుగుతూనే ఉన్నారు.

పైకి చేరాం. మోకాలెత్తు మొండిగోడలు, చెల్లాచెదురుగా రాళ్లు. ఒక మూల వాననీళ్లు నిలవ చేసుకునే తొట్టి, దాని మీద సగం కప్పు. దిగువన ఖర్జూరపు తోటలు, వాటి వెనక ఊరు, ఆపైన సముద్రం. చూడ్డానికి వచ్చినవాళ్లకి బాగానే ఉంటుంది. నేను చూడ్డానికి రాలేదు.

మా ఆయన అటూ ఇటూ తిరిగి, ఉన్నవాటిలో ఎత్తైన గోడ ఒకటి చూపించి, "దీనికింద కూర్చుని ఫోన్ పైకెత్తి తియ్యవే, కోటలాగే కనిపిస్తుంది" అన్నారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు? చెప్పినట్టే కూర్చుని కాల్ చేశాను. ఆయన కాస్త అవతల నిలబడ్డారు.

భీమవరంలో అది చర్చికి బయల్దేరే వేళ. అక్క దాని జడలకి రిబ్బన్లు కడుతోంది. కొత్త గౌను వేసుకుని పాప ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"కోటేది?"

"ఇదేనమ్మా. చూడు, ఎంత పెద్ద గోడో."

కాసేపు పరీక్షగా చూసింది. "ఇవి రాళ్లు కదా. రాణి ఏది?"

ఊరెళ్లిందని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మొండిగోడల మధ్య కూర్చుని మళ్లీ అబద్ధమాడటానికి ఓపిక లేకపోయింది. "రాణి లేదమ్మా. ఎప్పుడో పోయింది. కోట కూడా పడిపోయింది. నిన్ను రప్పించుకుందామని అలా చెప్పాను" అన్నాను. ఆ చివరిమాట దగ్గర ఏడుపు తన్నుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకు తెలుసు. ఐదేళ్ల పిల్ల ముందు ఏడుస్తున్నాననే సిగ్గు కూడా లేకపోయింది.

పాప కోప్పడలేదు. జాలిగా చూసింది. ఎదురింటి పిల్ల బొమ్మ విరిగితే ఆ పిల్లని ఎలా చూస్తుందో అలా.

"ఏడవకు దుబాయ్ అమ్మా" అంది. "నువ్వే మా ఇంటికొచ్చెయ్. ఎన్ని రోజులైనా ఉండొచ్చు. మా అమ్మ ఏమీ అనదు."

అక్క చెయ్యి రిబ్బన్ మీద ఆగిపోయింది. "అలా అనకూడదురా" అని అక్క అంటుందేమోనని చూశాను. అక్క తల వంచుకుని ముడి వేసింది.

"వస్తాలే" అని ఫోన్ పెట్టేశాను.

మా ఆయన దగ్గరికొచ్చి, "ఏమంది? వస్తానందా?" అని ఆత్రంగా అడిగారు.

"మనల్ని రమ్మంది" అన్నాను. "దాని ఇల్లు అదే. రేపు వెళ్లి దాని వీసా కాన్సిల్ చేయించేస్తాను."

ఆయన నీళ్ల సీసా నా చేతిలో పెట్టి, దిగేటప్పుడు జాగ్రత్త అన్నారు.