బూడిదరంగు డబ్బాలో కోడె

ఆ రోజుల్లో కంప్యూటర్లో వీడియో చూడడమంటే మాటలు కాదు. పేజీలో బొమ్మ కదలాలంటే ముందు బ్రౌజరుకు ప్లగిన్ అనే ఇంకో సరుకు ఎక్కించాలి. అది లేకపోతే బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి ప్రత్యక్షమై, ‘నీ దగ్గర ప్లగిన్ లేదు’ అని మొహం మీదే చెప్పేది. చాలా ఫోన్లలో ఆ సరుకు అసలు ఎక్కేదే కాదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పుడే నేను ఆదోనిలో, బట్టల దుకాణం పైన ఒకే గదిలో నడిచే వెబ్‌సైట్ల షాపులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. చేరిన కొద్దిరోజులకే ఈ పనిలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. (మా సార్‌కు మాత్రం కుదరలేదు. ఆయన నాలాంటివాళ్ళను చాలామందిని చూశాడు.)

అలాంటి సమయంలో వచ్చాడు కోడెల అన్న. ఎమ్మిగనూరు పక్క పల్లె. రైతులు తోలుకొచ్చే కుర్ర కోడెలకు కాడి మోయడం, బండి లాగడం నేర్పించి పంపడం ఆయన పని. చెవుల దాకా మీసం, వీధి చివరి దాకా గొంతు. “ట్రాక్టర్లొచ్చినంక కోడెల్ని తోలుకొచ్చేటోళ్లే లేరప్పా. ఈ ఏడన్నా రాకపోతే దొడ్డి మూసేసి, కర్నూల్లో యాడన్నా వాచ్‌మన్‌గా నిలబడాల్సిందే. కంప్యూటర్లో నా పని చూపిచ్చు. నా గొంతు ఇంటే సాలు, ఎట్లాంటి కోడె గానీ మెడ వంచాల!” అన్నాడు. ఆ చివరి మాటకు కుర్చీలో నేనే కొంచెం మెడ వంచాను.

పెళ్ళిళ్ల వీడియోలు తీసే ఒకాయన చేత తన దొడ్లో వీడియో తీయించి, సీడీ తెచ్చిచ్చాడు. (అలవాటు కొద్దీ ఆ వీడియో ఆయన మొదట్లోనే కోడె మీద గులాబీ రేకులు కురిపించాడు.) మా షాపులో స్పీకర్లు లేవు. పాటలు వింటూ కూర్చుంటామని సార్ ఎప్పుడో పీకేయించాడు. అందుకని నేను మూగబొమ్మే చూశాను. అన్న చెయ్యెత్తడం, కోడె లేవడం, కాడి కిందికి రావడం అన్నీ ఉన్నాయి కదా అని సైటులో పెట్టేశాను.

వారం తిరక్కుండా అన్న మెట్లెక్కి వచ్చాడు. “ఉరుకుంద గుడికి పోయే బస్సులో అందరికీ ఫోన్లో చూపిచ్చినా. కోడె యాడప్పా? బూడిదరంగు బండ తప్ప ఏం కనపడ్లా. ‘మేతకు పోయినట్లుంది, సాయంత్రానికి వస్తాదిలే’ అని ఒకటే నవ్వినారు” అన్నాడు. నేను గొంతు సవరించుకుని ప్లగిన్ సంగతంతా వివరించి, చూసేవాళ్ళనే ఎక్కించుకోమని చెప్పన్నా అన్నాను. “నా దొడ్డికొచ్చినోనికి తలుపు నేను తీయాల్నా, తాళంచెవి నువ్వే తెచ్చుకో పో అనాల్నా?” అని అడిగాడు. పక్క బల్ల దగ్గర సార్ దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం నాకు బాగా తెలుసు.

వెతగ్గా వెతగ్గా దారి దొరికింది. వీడియోను ఆన్‌లైన్ వీడియోల సైటులో పెట్టి, వాళ్ళిచ్చే చిన్న ఇంగ్లీషు వరుసను మన పేజీలో అతికిస్తే చాలు, ప్లగిన్ గిగిన్ లేకుండా ఏ ఫోన్లోనైనా ఆడుతుంది. మొదటిసారి అతికించాల్సిన చోట అతికించలేదు. బొమ్మకు బదులు ఆ వరుసే పేజీలో పెద్దక్షరాలతో కనిపించింది. అన్న ఫోన్ చేసి, “నా గురించి ఇంగ్లీషులో బలే రాసినావప్పా, మా ఊర్లో ఒక్కరికీ అర్థం కాలే” అని మెచ్చుకున్నాడు. రెండోసారి కుదిరింది. ఎప్పుడూ శబ్దం ఆపి ఉంచే సార్ ఫోన్లో చూస్తే కోడె నిజంగానే కదిలింది! నేను గాల్లో తేలిపోతూ అన్నకు కబురు చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఆయన ఎమ్మిగనూరులో టీ కొట్టు దగ్గర జనాన్ని పోగేసి, శబ్దం పూర్తిగా పెంచి వీడియో ఆడించాడట. తెర మీద అన్న మీసం దువ్వి, “లే! లేస్తావా లేదా!” అని గర్జించాడు. కోడె చెవి కూడా ఆడించలేదు. మళ్ళీ గర్జించాడు. అది తీరిగ్గా నెమరు వేసుకుంది. అప్పుడు బొమ్మలో ఎక్కడా కనిపించని అన్న భార్య గొంతు మెత్తగా వినిపించింది. “లేప్పా నా బంగారు, లే. ఆయన అట్లే అరుస్తాంటాడు, నువ్వేం పట్టిచ్చుకోవాకు.” కోడె లేచి, బుద్ధిగా పోయి కాడి కింద మెడ పెట్టింది.

“తీసెయ్యప్పా! ఇప్పుడే తీసెయ్!” అని ఫోన్లో అన్న అరుపు. “ఆ బూడిద బండే నయముండె! టీ ఇచ్చేటోడు గూడా ‘లేప్పా బంగారు’ అంటాండాడు నన్ను!” నేను కంప్యూటర్ మీదికి ఉరికానో లేదో, కరెంటు పోయింది. (ఆదోనిలో కరెంటు పోవడానికి ఒక వేళ ఉండేది, రావడానికి ఉండేది కాదు.) అది వచ్చేసరికి పొద్దుగూకింది, వీడియో తుగ్గలి దాకా పోయింది. ఒక మనిషి బతుకుదెరువు నా చేతులతో నేనే పోగొట్టానని ఏడుపొచ్చింది. వెంటనే తీసేశాను.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్. “వీడియో యాడ?” అన్నాడు. “తీసేశానన్నా.” “ఎవరు తీయమన్యారు?” “నువ్వే కదన్నా!” అటువైపు వెనక కోడెల రంకెలు వినిపిస్తున్నాయి. “తుగ్గలి నుంచి ఒకాయన ట్రాలీ ఆటోలో జత కోడెల్ని ఏసుకొచ్చినాడు. నేను ఎదురుపోతే ‘నువ్వు కాదన్నా, ఆ యమ్మ యాడుంది?’ అంటాడు. కృష్ణగిరోళ్లు గూడా వస్తామన్యారు” అని, ఆ గొంతుకు అంత తగ్గడం వచ్చునని నేను అనుకోనంతగా తగ్గించి, “మళ్ళీ పెట్టప్పా. పైన ఆమె పేరు రాయి. నా మీసం ఉండనీలే, ఊరికే” అన్నాడు.

దొడ్డి నిలబడింది. అది నా ఘనతేనని నేను చాలా రోజులు కాలరెగరేసుకుని తిరిగాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఫోను చేతికిచ్చి, “చూడండి, ప్లగిన్ లేకుండానే ఎట్లా ఆడుతోందో!” అని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు చెయ్యెత్తి, “నువ్వు రోంత గమ్మునుండప్పా, ఆ యమ్మ ఏమంటాందో ఇననీ” అనేవాళ్ళు. అయినా ఆపేవాణ్ణి కాదు. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.